మొత్తం ఏడుగురు

నర్సింగ్ మా ఇంటికొస్తే బెల్లు కొట్టడు, అరచేత్తో తలుపు మీద చరుస్తాడు. హాస్టల్ నాటి అలవాటు అది, డెబ్బై దగ్గర పడుతున్నా పోలేదు. మొన్న శనివారం పొద్దున ఆ చప్పుడు వినగానే మా ఆవిడ వంటింట్లోంచే, మీ కామ్రేడ్ గారొచ్చారు, అల్లం టీ పెడతానంది. ఏ.ఎస్. రావు నగర్ నుంచి మా మారేడ్‌పల్లికి ఆటోలో రావయ్యా అంటే వినడు. బస్సులోనే వస్తాడు, ఎవరైనా లేచి సీటిస్తే కోపం తెచ్చుకుంటాడు. ఆ రోజు చేతిలో బట్టల దుకాణం సంచి ఉంది. అందులోంచి ముందు ఒక కాగితాల కట్ట తీశాడు. మా విద్యార్థి సంఘం చరిత్ర. ఏడాదిగా కూర్చుని రాశాడట. యూనివర్సిటీలో సంఘం పుట్టినప్పటి నుంచి, రెండుగా చీలి, ఆ రెండూ నాలుగై, చివరికి ఫోనులో ఒక గ్రూపుగా మిగిలేదాకా అన్నీ ఉన్నాయన్నాడు. తెలుగు మాస్టారుగా రిటైరైనవాణ్ణి కనక నేను చదివి పెట్టాలి. "నేను రాసింది నాకు మంచిగనే అనిపిస్తది. నువ్వు జెర కఠినంగ చదువు," అన్నాడు. తరవాత సంచి అడుగు నుంచి ఖాకీ అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు తీసి కాగితాల మీద పెట్టాడు. సంఘం చీలిన రోజు ఎవరి చేతికీ చిక్కకుండా తన ట్రంకుపెట్టెలో దాచిన మినిట్స్ పుస్తకం. దాంట్లో ఉన్న రాతంతా నాదే.

కాగితాలు ఆ మధ్యాహ్నమే చదివాను. నర్సింగ్ బాగానే రాశాడు. మెస్సులో పురుగుల అన్నం మీద మొదలైన గొడవ సంఘంగా ఎలా మారిందో, బస్సు పాసుల కోసం, ఆగిపోయిన స్కాలర్‌షిప్పుల కోసం ఎన్ని రోజులు ఎండలో రోడ్డు మీద కూర్చున్నామో చదువుతుంటే నిజంగానే గర్వపడ్డాను. ఇంట్లో మొదటిసారి చదువుకోవడానికొచ్చిన పిల్లలు యూనివర్సిటీ ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తాతో తలెత్తి మాట్లాడగలిగారంటే అందులో మా చెమట ఉంది. ఆ మాట ఎవరు కాదన్నా ఊరుకోను. ఆ తరవాత నిర్బంధం కాలం వచ్చింది. ఆ అధ్యాయం మధ్యలో, రెండు పోరాటాల నడుమ, ఒకే ఒక వాక్యం ఉంది. సంఘంలో చొరబడ్డ ఇన్‌ఫార్మర్‌ను గుర్తించి ఏకగ్రీవంగా బహిష్కరించామని. పేరు లేదు. ఆ పేరు కరుణాకర్. వాడు ఇన్‌ఫార్మర్ కాడు. ఆ సంగతి వాడు కాక ఆ తీర్మానం చేసిన గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళుగా రాసిన పుస్తకాల్లో మా అమ్మ వండిన కూర గురించి రాశాను, మా నాన్న గొడుగు గురించి రాశాను, వాడి గురించి ఒక్క ముక్క రాయలేదు.

మా రెండు కుటుంబాలూ గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం సికింద్రాబాద్ వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడినవే. మా నాన్న మిషన్ బళ్ళో మాస్టారు, అమ్మ అదే బళ్ళో చిన్న క్లాసులకు టీచరు. రెండు వీధుల అవతల కరుణాకర్ వాళ్ళ పోర్షను. తండ్రి లేడు, తల్లి నర్సు, చెల్లెలు సుగుణ. శనివారం వచ్చిందంటే మా ఇంట్లో గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన కలిసి తిరిగేవి. అమ్మ నేత చీరకు గంజి పెట్టి, ఆరీ ఆరకముందే చుట్టి పెట్టేది. అలా చుట్టిన చీరే ఇస్త్రీకి లొంగుతుందని ఆవిడ సిద్ధాంతం. నాన్నకు శనివారం సాయంత్రం చర్చిలో పని. వరండాలో ఉన్న నల్లబల్లను తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆరేదాకా కదలకుండా నిలబడి, మర్నాటి బైబిలు వాక్యం దాని మీద రాసేవాడు. సుద్దముక్కను ముందు గచ్చు మీద అరగదీసి పదును చేసేవాడు. నన్ను పక్కన నిలబెట్టుకుని, వెనక బెంచీ ముసలమ్మకు కూడా కనపడాలిరా అనేవాడు. మా నాన్న నాకు ఆస్తి ఇవ్వలేదు గాని ఆ చేతిరాత ఇచ్చాడు. యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి నెలలోనే సంఘం వాళ్ళు నన్ను పట్టుకున్నది దానికోసమే. గోడ మీద నినాదాలు, పోస్టర్లు, మీటింగు మినిట్స్, అన్నీ నేనే రాసేవాణ్ణి.

సంఘంలో చేరగానే చేసిన మొదటి పని దేవుణ్ణి వదిలేశానని చెప్పడం. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే స్టడీ సర్కిల్‌లో లేచి, మతం మీద, మూఢనమ్మకాల మీద అరగంట దంచాను. చప్పట్లు పడ్డాయి. కరుణాకర్ కూడా అక్కడే కూర్చుని విన్నాడు. ఆ ముందు ఆదివారం నేను వాడి పక్కనే నిలబడి పాటలు పాడినవాణ్ణే. వాడు నవ్వలేదు, ఎవరితో అనలేదు. వాణ్ణి అడిగితే మాత్రం, నేను చర్చికెళ్తా, మీటింగుకూ వస్తా, రెంటికీ తగువు నాకు కనపడలేదు అనేవాడు. అందరూ కొంచెం చిన్నచూపు చూసేవాళ్ళు. నన్ను పెద్దచూపు చూసేవాళ్ళు. నేనేమో సెలవులకు ఇంటికెళ్ళి, అమ్మ బాధ పడుతుందన్న వంకతో చర్చికీ ప్రార్థన కూడికలకూ వెళ్ళి, మళ్ళీ హాస్టలుకొచ్చి నాస్తికుణ్ణయిపోయేవాణ్ణి. నిజం చెప్పాలంటే అమ్మ కోసం కాదు, నాకు ఆ పాటలంటే ఇష్టం. ఆ మాట ఒప్పుకునే ధైర్యం రెండు చోట్లా లేదు.

మా సంఘానికి ఒక పద్ధతుండేది. ఏ తీర్మానమైనా ఏకగ్రీవంగానే ఉండాలి. ఒకరు కాదంటే ఓటింగు పెట్టరు, ఆ ఒకరు ఔననేదాకా చర్చ నడుపుతారు. తప్పు చేసినవాడు తనే లేచి ఆత్మవిమర్శ చేసుకోవాలి. మా చర్చిలోనూ అంతే, కూడికలో ఎవరికి వాళ్ళు లేచి తమ తప్పులూ దేవుడు చేసిన మేలూ సాక్ష్యంగా చెప్పుకోవాలి. ఎంత దూరం పారిపోయినా నాకు లేచి నిలబడి చెప్పుకునే చోట్లే దొరికాయి. రెండు చోట్లా అనర్గళంగా మాట్లాడాను, చెప్పాల్సింది తప్ప.

బుధవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడిక జరిగేది. నిర్బంధం రోజుల్లో ఒక బుధవారం కరుణాకర్ ఇంట్లో పెట్టారు. వాళ్ళమ్మకు ఆపరేషన్ ఉందని ప్రత్యేక ప్రార్థన పెట్టారు. నేనూ హాస్టలు నుంచి వచ్చి మా అమ్మతో పాటు వెళ్ళాను. ముందు గదిలో మంచం ఎత్తి గోడకు ఆనించి చాప పరిచారు. పాస్టరు గారు, కాంపౌండరు అబ్రహాం గారు, ఎస్సై దైవాదీనం గారు, ఆయన భార్య వచ్చారు. దైవాదీనం గారు డ్యూటీ నుంచి నేరుగా రావడంతో బూట్లు గుమ్మం బయట, మా చెప్పుల మధ్య పెట్టారు. ఎర్రటి పెద్ద పోలీసు బూట్లు. ఆయన శ్రుతి తప్పి పాడేవాడు, ప్రార్థన చేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. రోడ్డు మీద బస్సుల మోతకు ప్రార్థన సాగదని పాటలవగానే తలుపూ కిటికీ మూసేవాళ్ళు. అందరం మోకాళ్ళూని, ఎవరి మాట వాళ్ళు, లోగొంతుతో, ఒక్కసారే ప్రార్థించేవాళ్ళం. బయట నిలబడి వింటే గుసగుసలాగే ఉంటుంది. ఆ రోజు దైవాదీనం గారు నా పక్కనే మోకరించారు. యూనివర్సిటీలో చదువుకుంటున్న మా బిడ్డలకు ఏ కీడూ రానివ్వకు ప్రభువా అని ఆయన అనడం నా చెవులతో విన్నాను.

సరిగ్గా అప్పుడే నర్సింగ్ కరపత్రాల కట్టతో ఆ గుమ్మం ముందుకు వచ్చాడు. మూసిన తలుపు చూశాడు, బూట్లు చూశాడు, లోపల గుసగుస విన్నాడు. కట్ట ఇవ్వకుండానే వెనక్కి పోయాడు. ఆ బూట్ల పక్కన నా చెప్పులున్నాయి. సంఘంలో అందరం అవే టైరు చెప్పులు వేసుకునేవాళ్ళం కనక వాటిని కరుణాకర్‌వే అనుకున్నాడు. శుక్రవారం మా నాయకుణ్ణి, మేం పెద్దన్న అని పిలిచేవాణ్ణి, దాక్కున్న గదిలోంచి పోలీసులు పట్టుకుపోయారు. సంఘంలో ఆ గది సంగతి ఐదుగురికే తెలుసు. అందులో కరుణాకర్ ఒకడు.

శనివారం మధ్యాహ్నం మెస్సు భోజనాలయ్యాక నర్సింగ్ గదిలో మీటింగు. రెండు మంచాలు కలిపి కొందరు, కింద కొందరు కూర్చున్నారు. నేను ఎప్పట్లాగే కిటికీ కింద రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నర్సింగ్ తను చూసింది చూసినట్టే చెప్పాడు, ఒక్క మాట కూడా పెంచలేదు. కరుణాకర్ బెదరలేదు. అది ప్రార్థన అన్నాడు, ఎస్సై గారు మా చర్చి పెద్ద అన్నాడు. తలుపులు మూసుకుని ప్రార్థనేంటని ఎవరో నవ్వారు. ఒకడు మా గుడికి తలుపులే ఉండవన్నాడు. వాళ్ళు అబద్ధమాడటం లేదు, వాళ్ళకు నిజంగానే తెలియదు. పోలీసు మోకాళ్ళ మీద కూర్చుని ఏడవడం వాళ్ళ ఊహకు అందే సంగతి కాదు. ఆ గదిలో దాన్ని చూసినవాళ్ళం ఇద్దరం. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పమన్నారు. వాడు నెమ్మదిగా పేర్లు చెప్పాడు, నేను రాస్తూ పోయాను. వాళ్ళమ్మ, సుగుణ, పాస్టరు గారు, దైవాదీనం గారు, ఆయన భార్య, అబ్రహాం గారు, రత్నమ్మ టీచరు. రత్నమ్మ టీచరంటే మా అమ్మ. అక్కడ ఎవరికీ ఆ పేరు తెలియదు. నా చేత్తో మా అమ్మ పేరు రాసి, తలకట్టు తిన్నగా దిద్దాను. తరవాత వాడు ఆగాడు. నావైపు చూడలేదు, తన మోకాళ్ళవైపు చూస్తున్నాడు. గది చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. నేను మొత్తం ఏడుగురు అని రాసి కింద గీత గీశాను.

ఆ గీత గీసినప్పుడు నాకు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. ఇది దాచుకోను. నన్ను కాపాడాడు అనుకున్నాను. తరవాత చర్చ సాగింది, ఇద్దరు ముగ్గురు తటపటాయించినవాళ్ళు మెత్తబడ్డారు, చేతులెత్తమన్నారు. నేను కలం పట్టుకున్న చేయే ఎత్తాను. వాడు లేచి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం మెస్సు గోడకు పోస్టరు అంటించాం. ద్రోహి అన్న మాట ఎర్రసిరాతో, మా నాన్న వాక్యం రాసినంత పెద్దగా, వెనక బెంచీ ముసలమ్మకు కూడా కనపడేలా రాశాను.

నాలుగు రోజుల్లో పోలీసులు హాస్టలు మీద పడి దొరికినవాళ్ళను దొరికినట్టు పట్టుకుపోయారు. అందులో కరుణాకర్ కూడా ఉన్నాడు. మిగతావాళ్ళ కోసం సంఘం వకీలును పంపింది. వాడి కోసం పంపలేదు. వాడి అరెస్టు నాటకమన్నారు. మూడు రోజులు కొట్టాక, దైవాదీనం గారు వేరే స్టేషను ఎస్సై కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి విడిపించుకొచ్చారు. అదిగో చూశారా, ఎస్సై స్వయంగా వచ్చి విడిపించాడు, ఇంకేం రుజువు కావాలన్నారు మావాళ్ళు. పట్టుకుపోయినా తప్పే, విడిచిపెట్టినా తప్పే అన్నట్టయింది వాడి బతుకు. ఎడమచెవి కర్ణభేరి పగిలింది, మళ్ళీ వినపడలేదు. ఆ ఏడు పరీక్షలు రాయలేదు.

నేనప్పుడు జ్వరమని ఇంటికొచ్చి పడుకున్నాను. ఒక పొద్దున కరుణాకర్ వాళ్ళమ్మ వచ్చింది. ఆపరేషన్ అయి నెల కాలేదు, గోడ పట్టుకుని నడుస్తోంది. వంటింట్లో పీట మీద కూర్చుని, మీవాడు ఒక్క మాట చెప్తే సంఘం వాళ్ళు వింటారేమో అడుగమ్మా అంది మా అమ్మతో. నేను పక్కగదిలో దుప్పటి తలమీదుగా లాక్కుని పడుకున్నాను. ఆవిడ వెళ్ళాక అమ్మ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. చేతికి ఇంకా గంజి అంటుకుని ఉంది. "నువ్వూ అక్కడే ఉన్నావు కదరా. చెప్పావా?" అంది. చెప్పానమ్మా, నా మాట వినలేదు అన్నాను. అమ్మ నమ్మింది. పాపం నా కొడుకు చెప్పినా వినలేదంట అని ఆ తల్లికి కబురు చేసింది, చర్చిలో నలుగురితోనూ అంది. పోయేదాకా అదే నమ్మింది. విచిత్రమేమిటంటే ఏళ్ళు గడిచేకొద్దీ నేనూ నమ్మాను. చెప్పలేదు సరే, చెప్పినా ఎవరు వినేవారు, నన్ను కూడా తీసేసేవారంతే అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట ఆసరాగానే ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను, పుస్తకాలు రాశాను.

వాణ్ణి ఒక్కసారే కలిశాను, చర్చి గేటు దగ్గర. ఎలా ఉన్నావన్నాను. వాడు చుట్టూ తిరిగి నా రెండో పక్కకు వచ్చాడు. "ఇటు నుంచి మాట్లాడు ప్రసాదూ, అటు వినపడదు," అన్నాడు. నేను మళ్ళీ మాట్లాడలేకపోయాను. వాడు కాసేపు నిలబడి, అమ్మ ఎదురు చూస్తుంటుంది, వస్తానని వెళ్ళిపోయాడు. పెద్దన్న జైలు నుంచి వచ్చాక ఆ గది ఆచూకీ ఎలా దొరికిందో చెప్పాడు. కరపత్రాలు వేసిన ప్రెస్సు యజమానిని కొడితే ఆయన చూపించాడట. అప్పటికి సంఘం రెండు ముక్కలైంది. తప్పయిందని తీర్మానం పెట్టాలంటే ఏ ముక్క పెట్టాలో తేలలేదు, ఎవరూ పెట్టలేదు. కొన్నేళ్ళకు ఒక పొద్దున, తనకు దొరికిన చిన్న ఉద్యోగంలో డ్యూటీకి పోతూ రైలు గేటు పక్క సందులోంచి పట్టాలు దాటుతుంటే, ఎడమవైపు నుంచి వచ్చిన ఇంజను వాణ్ణి కొట్టేసింది. అందరూ దాటారు, వాడొక్కడే వినలేదు. సమాధుల దగ్గర నేను వెనక వరసలో నిలబడ్డాను. సంఘం నుంచి ఎవరూ రాలేదు.

ఇప్పుడా యూనివర్సిటీకి వెళ్తే గోడలకు తెల్లసున్నం కొట్టేశారు. పిల్లలు సంఘాలు పెట్టుకుంటే ఫోనులో పెట్టుకుంటున్నారు, ఒకర్ని తీసెయ్యాలంటే వేలితో నొక్కి తీసేస్తున్నారట. మా రోజుల్లో అయితే ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళం అని నర్సింగ్ గొప్పగా అంటుంటాడు. నిజమే, ఎదురుగా కూర్చోబెట్టాం. చూస్తూ చూస్తూనే చేశాం. వాళ్ళకంటే మేమెక్కువని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

సోమవారం నర్సింగ్ మళ్ళీ వచ్చాడు. టీ తాగడం అయ్యాక, ఆ వాక్యం తీసెయ్యాలన్నాను, కరుణాకర్ పేరు పెట్టి జరిగింది రాయాలన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. ప్రెస్సు సంగతి తనకూ తెలుసు, కానీ ఇప్పుడు దాన్ని కదిపితే సంఘం చేసిన మంచి కూడా అనుమానంలో పడుతుంది, ఉన్నవాళ్ళు పరేషాన్ అవుతారు అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆ బుధవారం నేను లోపలే ఉన్నానని, బూట్ల పక్కనున్న చెప్పులు నావని, ఎస్సై పక్కన మోకరించింది నేనేనని. నర్సింగ్ చేతిలోని ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను, పడలేదు.

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

మీరు నమ్మేవాళ్ళు కాదు గదా అన్నాను. ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్న మాటే అది.

"నేను నమ్మేటోణ్ణి," అన్నాడు. "నువ్వంటే నాకు గంత నమ్మకం. నువ్వొక్క మాట అంటె నేనే లేచి అందరికి చెప్పేటోణ్ణి, నాదే తప్పు, గది ప్రార్థనే అని. నాకు సుత ఆ రోజు అట్ల ఎవరన్న చెప్తే మంచిగుండు అనే ఉండె. సూశింది చెప్పిన గని, వాడు గసొంటోడంటే నా మనసు ఒప్పలే."

రిజిస్టరు నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ లేనిది ఆటో ఎక్కాడని మా ఆవిడ చెప్పింది. నేను కుర్చీలోంచి లేవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రిజిస్టరు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

మర్నాడు యాప్రాల్ వెళ్ళాను. సుగుణ అక్కడ ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటుంది. బళ్ళో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది, పెళ్ళి చేసుకోలేదు. ఇప్పటికీ బుధవారం కూడిక వాళ్ళింట్లోనే పెడుతుంది, గదిలో ఒక మూల చాపలు చుట్టి ఉన్నాయి. కళ్ళకు శుక్లాలొచ్చి చదవలేకపోతున్నానంది. పండగకో చావుకో కలిసినప్పుడు అమ్మ బాగుందా, పిల్లలెలా ఉన్నారు అని తప్ప ఇన్నేళ్ళలో మేం వేరే మాట మాట్లాడుకోలేదు. నేను సోఫా అంచున కూర్చుని, మొదలుపెట్టడం చేతకాక, మీ అన్నయ్య ఆ రోజు నా పేరు చెప్పకుండా నన్ను కాపాడాడమ్మా, ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదు అన్నాను.

సుగుణ నావైపు వింతగా చూసింది.

"కాపాడటానికి కాదు ప్రసాదన్నయ్యా," అంది. "ఆ రోజు ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు. ప్రసాద్ పేరు నేను చెప్తే వాణ్ణి ఇరికించినట్టుంటుందమ్మా, అందుకే అక్కడ ఆగాను, వాడే లేచి చెప్తాడని చూశాను అన్నాడు. ఇవాళ కాకపోతే రేపు చెప్తాడులే అన్నాడు. మీ అమ్మగారేమో మీరు చెప్పినా వినలేదన్నారు. అమ్మ ఆ మాట నమ్మింది. అన్నయ్య మాత్రం నేనక్కడే ఉన్నాను కదమ్మా అన్నాడు, అంతే. మిమ్మల్ని ఒక్క మాట అననివ్వలేదు. వాడికి భయమేసి ఉంటుంది, వస్తాడు అనేవాడు."

తిడితే బాగుండేది. లేచి వెళ్ళిపొమ్మన్నా బాగుండేది. నేను తల వంచుకుని ఏడ్చాను, ఈ వయసులో, ఆడమనిషి ముందు, సిగ్గు లేకుండా. సుగుణ ఓదార్చలేదు. మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, నా ఏడుపు ఆగేదాకా ఎదురుగా కూర్చుంది. ఆ తరవాత, నా ఒళ్ళో ఉన్న రిజిస్టరు చూపించి అదేమిటని అడిగింది. చెప్పాను. అందులో ఆ రోజుది ఉందా అంది. ఉందన్నాను. నాకు కనపడదు, మీరు చదవండి అంది.

పేజీ తీశాను. సిరా కొంచెం వెలిసింది గాని ఒక్క అక్షరం చెరగలేదు, అంత బాగా రాశాను. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నవారుగా కరుణాకర్ చెప్పిన పేర్లు అని చదివాను. వాళ్ళమ్మ పేరు చదివాను. సుగుణ, పాస్టరు గారు, దైవాదీనం గారు, ఆయన భార్య, అబ్రహాం గారు. ఆఖరున రత్నమ్మ టీచరు. సుగుణ కాక ఆ పట్టీలో ఎవరూ లేరిప్పుడు. ఏడో పేరు చదివి ఆగాను. సుగుణ మసకబారిన కళ్ళతో తన మోకాళ్ళవైపు చూస్తూ కూర్చుంది. కింద వీధిలో ఎవరో కూరగాయల బండి మైకు పెట్టుకుని పోతున్నారు. అది సందు తిరిగి వినపడకుండా పోయేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. సరిగ్గా అలాగే ఆ రోజు వాడు కూర్చున్నాడు. ఎదురు చూస్తున్నాడని నాకు తెలియలేదు. తెలిసే గీత గీశానేమో కూడా, ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.

"ప్రసాద్," అన్నాను.

"రాయండి," అంది సుగుణ.

జేబులో కలం తీశాను. నా చేయి ఇప్పుడు వణుకుతుంది, చెక్కుల మీద సంతకం కూడా కుదరడం లేదు. మా అమ్మ పేరు కింద, గీతకు పైన, ఉన్న కాస్త చోటులో నా పేరు ఇరికించి రాశాను. వంకరగా వచ్చింది. ఏడుగురు అన్న మాట కొట్టేసి, పక్కన ఎనిమిది మంది అని రాశాను.